జీతం మాదే, నేరం మాత్రం మాది కాదట!

2011లో సుప్రీంకోర్టు ముందు కేంద్ర ప్రభుత్వం ఒక వాదన పెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా ఎవరిని తీసుకోవాలి, వాళ్లకు ఏ శిక్షణ ఇవ్వాలి, ఏ పనికి పంపాలి అన్నది ఆ రాష్ట్రం చూసుకుంటుంది. మేం చేసేదల్లా ఎంతమంది వరకు ఉండొచ్చో గరిష్ఠ సంఖ్యకు ఒప్పుకోవడం, ఆ లెక్క ప్రకారం రాష్ట్రం పెట్టిన ఖర్చును తిరిగి చెల్లించడం. శాంతిభద్రతలు రాష్ట్రాల జాబితాలోవి కదా! వాదన సారాంశం ఇదీ.

ఒక్కో ఎస్పీవోకి నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. అందులో 80 శాతం కేంద్రానిది, అంటే 2,400. కోర్టుకు రాష్ట్రం చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి 6,500 మంది ఎస్పీవోలు. గుణించి చూడండి, నెలకు 1 కోటి 56 లక్షలు. నెలనెలా అంత డబ్బు పంపుతూ, ఆ డబ్బు అందుకున్న చేతులు ఏం చేస్తున్నాయో మాకు సంబంధం లేదని చెప్పడానికి ఎంత తెగింపు ఉండాలి! ఊళ్లో పాలేరు చేత పొరుగువాడి గడ్డివాము తగలబెట్టించి, నేను వాడికి జీతం మాత్రమే ఇస్తాను, అగ్గిపెట్టె వాడిదే అనే దొరల్ని మన పెద్దవాళ్లు చూశారు. ఢిల్లీ ఆ దొర మాటనే అఫిడవిట్‌గా రాసిచ్చింది.

సల్వాజుడుం గురించి ఈ తరం విద్యార్థుల్లో చాలామంది పేరు వినడమే తప్ప అది ఏమిటో చదవలేదు. అందుకే క్లుప్తంగా. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లా బీజాపూర్ వైపు మొదలైంది. ప్రజలు తమంతట తామే మావోయిస్టుల మీద లేచారన్నది ప్రభుత్వం చెప్పిన కథ. నడిపించింది అసెంబ్లీలో ప్రతిపక్ష నేత, కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ. వెనక నిలబడింది బీజేపీ ముఖ్యమంత్రి రమణ్ సింగ్ ప్రభుత్వం. జీతాలకు సొమ్ము పంపింది ఢిల్లీలోని మన్మోహన్ సింగ్ యూపీఏ ప్రభుత్వం. పార్లమెంటులో రోజూ కొట్టుకునే రెండు పార్టీలు ఆదివాసీ ఊళ్లను ఖాళీ చేయించే దగ్గర ఇంత చక్కగా కలిసిపోయాయి. అదే జూన్‌లో టాటా స్టీల్, మరో నెలకు ఎస్సార్ బస్తర్‌లో ఉక్కు కర్మాగారాల కోసం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ తేదీలను బట్టి ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. నాకు తోచింది కూడా అదే.

పిటిషనర్లు కోర్టుకు ఇచ్చిన లెక్క 644 గ్రామాలు. ఊరు మీద పడి ఇళ్లు తగలబెట్టి, ధాన్యం ఎత్తుకుపోయి, మనుషుల్ని దోర్నపాల్, ఎర్రబోరు, ఇంజరం, కొంటా శిబిరాలకు తోలారు. శిబిరానికి రానివాడు మావోయిస్టు. వచ్చినవాడి కొడుకు ఎస్పీవో. ఐదో తరగతి పాసైతే చాలు, ప్రాధాన్యం ఇస్తామన్నారు. రెండు నెలల శిక్షణ ఇచ్చి తుపాకీ చేతికిచ్చారు. ఎవరి ఊరి మీదికి? ఆ కుర్రాడి సొంత ఊరి మీదికి, మేనమామ ఇంటి మీదికి.

ఇది రాస్తున్నది బిలాస్‌పూర్‌లోని సర్కండా నుంచి. అర్పా నదికి ఇవతల మేం, అవతల రైల్వే కాలనీలు, బుధవారీ బజారు, జోన్ ఆఫీసు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వేయడానికి, మోయడానికి, ఊడ్చడానికి వచ్చిన తెలుగువాళ్ల మనుమలు, మునిమనుమలం ఇక్కడ చాలామందిమి. మా తాత మాలపల్లె నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఇదే ఊళ్లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉంది, రాష్ట్రం పుట్టిన 2000 నవంబర్ 1 నుంచి. కొంటా నుంచి ఒక ఆదివాసీ న్యాయం అడగాలంటే సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్ దాటి దాదాపు 600 కిలోమీటర్లు వచ్చి మా ఊళ్లో దిగాలి. అదే కొంటా నుంచి సరిహద్దు దాటితే తెలుగు నేల. భద్రాచలం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. బతకడానికి పరిగెత్తినవాళ్లు ఎటు పరిగెత్తారో వేరే చెప్పక్కర్లేదు. న్యాయం ఉన్న ఊరు దూరం, తలదాచుకునే అడవి దగ్గర. ఈ రెండు చివర్లలోనూ తెలుగు మాట వినిపిస్తుంది. అందుకే ఈ విషయం ఛత్తీస్‌గఢ్‌వాళ్లది, మనకెందుకు అంటే నేను ఒప్పుకోను.

నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో 2011 తీర్పు మీద ఒక గంట చర్చ పెడదామంటే, బస్తర్ తప్ప ఏదైనా పెట్టుకోండి అన్నారు. అంతర్జాతీయ అంశం తీసుకోమని సలహా కూడా ఇచ్చారు. సరే, ఆ సలహానే పాటిస్తాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒట్టోమన్ సామ్రాజ్యం జర్మనీకి మిత్రపక్షం. 1915లో ఆర్మీనియన్లను ఊళ్ల నుంచి తోలి, ఎడారి దారుల్లో చంపింది ఒట్టోమన్ ప్రభుత్వం. జర్మనీ సైనికాధికారులు అక్కడే ఉన్నారు. రాయబారులు ఏం జరుగుతోందో ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆ ఏడాది చివర, మన మిత్రుడిని బహిరంగంగా ఖండిద్దామని రాయబారి మెటర్నిక్ అడిగితే ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ వద్దన్నాడు. యుద్ధం ముగిసేదాకా టర్కీ మన వైపు ఉండటమే కావాలి, ఆర్మీనియన్లు చచ్చినా సరే అన్నది ఆయన జవాబు సారం. అక్కడా ఒక రైల్వే ఉంది. బాగ్దాద్ రైల్వే, జర్మనీ పెట్టుబడితో కట్టినది. ఆ లైను మీద పనిచేస్తున్న ఆర్మీనియన్ కూలీలను, ఉద్యోగులను కూడా తరలించమన్న ఆదేశం మీద సంతకం పెట్టినవాడు బ్యోట్రిక్ అనే జర్మన్ అధికారి. ఒట్టోమన్ సైన్యంలో రైల్వే విభాగం బాధ్యత చూస్తున్నవాడు. రైల్వే కూలి మనుమణ్ని కాబట్టి ఆ సంతకం దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. 1916 జనవరిలో జర్మన్ పార్లమెంటులో కార్ల్ లీబ్‌నెక్ట్ ఆర్మీనియన్ల గురించి ప్రశ్న వేస్తే గంట మోగించి ఆయన నోరు మూయించారు.

ఆ గంట చప్పుడు ఆగడానికి వందేళ్లు పట్టింది. 2016 జూన్ 2న అదే జర్మనీ పార్లమెంటు తీర్మానం చేసింది. జరిగింది జాతిసంహారమని, ఒట్టోమన్ల ప్రధాన సైనిక మిత్రుడిగా జర్మన్ సామ్రాజ్యానికి అందులో బాధ్యత ఉందని, తెలిసీ ఆపలేదని ఒప్పుకుంది. చంపింది మేం కాదు కదా అని తప్పించుకోలేదు. బోస్నియా కేసులో 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా అలాంటి గీతే గీసింది. స్రెబ్రెనిత్సాలో చంపించింది సెర్బియా అని రుజువు కాలేదంది. కానీ తన సొమ్ముతో, తన ఆయుధాలతో నిలబడ్డ బలగాల మీద తనకున్న పలుకుబడిని వాడి ఆపాల్సింది, ఆపలేదు, కాబట్టి అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించింది అని తేల్చింది.

బస్తర్‌ను ఆర్మీనియాతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. లెక్కలు వేరు, కాలం వేరు. నేను అడుగుతున్నది ఒక్కటే: పరాయి దేశం చేసిన పనికి మిత్రుడిగా జర్మనీ సమాధానం చెప్పాల్సి వచ్చినప్పుడు, సొంత దేశంలో, సొంత రాజ్యాంగం కింద, సొంత సొమ్ముతో జరిగిన దానికి ఢిల్లీ ఎందుకు చెప్పకూడదు?

శాంతిభద్రతలు రాష్ట్రానివి అన్న సాకు షెడ్యూల్డ్ ప్రాంతంలో అసలు నిలబడదు. ఐదో షెడ్యూల్ మూడో పేరా తీసి చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఆ పాలన విషయంలో రాష్ట్రానికి ఆదేశాలు ఇచ్చే కార్యనిర్వాహక అధికారం కేంద్రానికి ఉంది. అంబేడ్కర్ ముసాయిదా కమిటీ ఆ వాక్యాన్ని అలంకారానికి రాయలేదు. రాష్ట్రంలో పెత్తనం చేసే కులాలు, వ్యాపారులు, కాంట్రాక్టర్లు ఒక్కటై ఆదివాసీ మీద పడితే పైనుంచి ఆపేవాడు ఒకడుండాలని రాశారు. ఆపాల్సినవాడే జీతాలు ఇచ్చాడు. దీనికి తోడు 355 అధికరణం: ప్రతి రాష్ట్ర పాలనా రాజ్యాంగం ప్రకారం నడిచేట్టు చూడటం కేంద్రం విధి. రాష్ట్రపతి పాలన కావాల్సినప్పుడు ఈ అధికరణం గుర్తొస్తుంది. ఆదివాసీ ఊరు కాలుతున్నప్పుడు రాష్ట్రాల జాబితా గుర్తొస్తుంది.

తెలియక జరిగిందా? అదీ లేదు. 2008 మార్చిలోనే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ ఈ కేసు వింటూ, పౌరుడికి తుపాకీ ఇచ్చి చంపమంటే రాజ్యమే హత్యకు ప్రేరేపించినట్టవుతుందని అన్నారు. ఈ దేశపు మొదటి దళిత ప్రధాన న్యాయమూర్తి ఆయన. ప్రేరేపణ అన్న మాట చట్టంలో చిన్నది కాదు. అదే ఏడాది ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం నివేదిక వచ్చింది. అందులో సుఖదేవ్ థోరట్ ఉన్నారు, మన ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు, కె. బాలగోపాల్ ఉన్నారు. శాంతిభద్రతల బాధ్యతను ఇలా ప్రైవేటు గుంపులకు అప్పగించడం రాజ్యం తన పని వదిలేయడమేనని ఆ బృందం ఖండించింది. ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడు ఎవరు? ప్రధానమంత్రి. తన బల్ల మీదికి వచ్చిన నివేదికను పక్కన పెట్టి ఆ తర్వాత మూడేళ్లు, కోర్టు ఆపమనేదాకా, జీతాలు పంపారు. జర్మన్ ఛాన్సలర్ బల్ల మీద కూడా ఉత్తరాలు అలాగే పడి ఉండేవి.

మన పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కారంచేడులో, చుండూరులో చూశాం. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఊళ్లో ఉండగానే ఎనిమిది మంది దళితులను పొలాల్లో వేటాడి చంపారు. కత్తి పట్టినవాడి మీద కేసు పెట్టారు. 2014లో హైకోర్టు వాళ్లందరినీ వదిలేసింది. పక్కన నిలబడ్డవాడి సంగతి కేసుదాకా కూడా రాలేదు. పక్కన నిలబడటం కూడా ఒక పనే. జీతం ఇవ్వడం అంతకన్నా పెద్ద పని.

2011 జూలై 5 తీర్పు ఈ జీతం సంగతిని సూటిగా పట్టుకుంది. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం. నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖలో ఉండే రిటైర్డ్ ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన పిటిషన్ అది. దానితోపాటు అదే విషయం మీద కోర్టుకెక్కిన ఆదివాసీ కర్తం జోగాను మన పత్రికలు పట్టించుకోలేదు. ఆయన్ను 2010లో అరెస్టు చేశారు. రెండేళ్లకు పైగా జైల్లో ఉంచిన తర్వాత నిర్దోషి అని వదిలారు. ఒకే కోర్టుకెక్కిన ప్రొఫెసర్లు బయట ఉన్నారు, ఆదివాసీ లోపల ఉన్నాడు. కులం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వెతకను.

ఎస్పీవోలను మావోయిస్టుల మీద వాడటం ఆపమని కోర్టు రాష్ట్రానికి చెప్పింది. వాళ్ల దగ్గరున్న తుపాకులు వెనక్కి తీసుకోమంది. కేంద్రానికి విడిగా ఒక ఆదేశం ఇచ్చింది: ఈ నియామకాలకు నేరుగా గానీ పరోక్షంగా గానీ నీ నిధులు వాడొద్దు. తిరిగి చెల్లించడమే మా పని అన్నవాడికి ఆ చెల్లింపే నేరంలో భాగమని చెప్పడం అది. 14, 21 అధికరణాల కింద ఎస్పీవో కుర్రాళ్ల హక్కులు కూడా దెబ్బతిన్నాయని కోర్టు గుర్తించింది. ఐదో తరగతి పిల్లాణ్ని ఫిరంగికి మేతగా వేసే హక్కు రాజ్యానికి లేదని చెప్పడం నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా అంబేడ్కరైట్ భాగం.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మాకు సంబంధం లేదన్న కేంద్రమే పరుగున కోర్టుకు వెళ్లి, ఈ తీర్పు మిగతా రాష్ట్రాలకు వర్తిస్తే ఎలా అని అడిగింది. నవంబరులో కోర్టు తీర్పును ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం చేసింది. రాష్ట్రం అంతకన్నా చురుకు. అదే ఏడాది సహాయక సాయుధ పోలీసు బలగం పేరుతో చట్టం తెచ్చి పాత ఎస్పీవోలకు కొత్త యూనిఫాం తొడిగింది. తీర్పును ధిక్కరించారని వేసిన పిటిషన్‌ను 2025 మే 15న సుప్రీంకోర్టు ముగించేసింది. శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదట. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన జవాబు అది.

శిక్షలు? 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లు తగలబడిన కేసును సుప్రీంకోర్టు సీబీఐకి ఇచ్చింది. 2016లో సీబీఐ ఏడుగురు ఎస్పీవోల మీద ఛార్జిషీటు వేసింది. ఆపరేషన్‌కు పంపినవాళ్ల పేర్లు అందులో లేవు. 2012 జూన్‌లో సార్కెగూడలో పండగ ఏర్పాట్ల కోసం రాత్రి కూర్చున్న 17 మందిని సీఆర్పీఎఫ్, రాష్ట్ర పోలీసులు కలిసి చంపారు. వాళ్లలో మైనర్లు ఉన్నారు. మొదట మావోయిస్టులేనన్నారు. 2019లో జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక వచ్చింది, మావోయిస్టులని ఆధారం లేదంది. సీఆర్పీఎఫ్ ఎవరిది? దానికి మాత్రం రాష్ట్రాల జాబితా అన్న మాట కూడా సరిపోదు. ఇక 2009 నాటి గోంపాడ్ హత్యల మీద విచారణ కోరిన హిమాంశు కుమార్‌కు 2022లో సుప్రీంకోర్టు 5 లక్షల జరిమానా వేసింది. కింది మెట్టు మీద ఉన్న ఏడుగురికి ఛార్జిషీటు, అడిగినవాడికి జరిమానా.

నిచ్చెనమెట్ల అసమానత అని బాబాసాహెబ్ చెప్పింది కులాల గురించే. ఆ నిచ్చెన యుద్ధంలోకి కూడా నడిచి వస్తుంది. పైమెట్టు మీద విధానం రాసేవాడు, కిందిమెట్టు మీద చచ్చేవాడు, చంపేవాడు. ఇప్పుడు ఎస్పీవో అన్న మాట వినపడదు, డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ అంటున్నారు. స్థానిక ఆదివాసీ యువకులు, లొంగిపోయిన మావోయిస్టులు అందులో ఉంటారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, ఒక డ్రైవరు చనిపోయారు. పేల్చినవాళ్లలోనూ ఆదివాసీలు, పోయినవాళ్లలోనూ ఆదివాసీలు. టీవీలో మాత్రం గెలుపు ఢిల్లీది.

మరి మావోయిస్టుల సంగతేమిటి అని అడుగుతారు. అడగాలి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద దాడి చేసి 30 మందికి పైగా చంపింది మావోయిస్టులే. చచ్చింది దొరలు కాదు, ఇల్లు పోగొట్టుకుని శిబిరంలో పడిన ఆదివాసీలు, పిల్లలు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపిన ఆదివాసీల జాబితా చిన్నదేమీ కాదు. మన తెలుగు నేల నుంచి వెళ్లిన నాయకత్వం, గోండు, కోయ పిల్లలు మోసిన తుపాకి, ఈ పొందిక మీద అంబేడ్కరైట్లకు ఉన్న ప్రశ్నలు నాకూ ఉన్నాయి. బుద్ధుడా కార్ల్ మార్క్సా అని ఆలోచించినప్పుడు బాబాసాహెబ్ ఎటు నిలబడ్డారో మనకు తెలుసు. కానీ ఆ ప్రశ్న రాజ్యం లెక్కను కొట్టేయదు. మావోయిస్టులు రాజ్యాంగం మీద ప్రమాణం చేయలేదు. హోంమంత్రి చేశాడు. తేడా అంతా అక్కడే ఉంది.

హోంమంత్రి అంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు జస్టిస్ సుదర్శన్ రెడ్డిని ప్రతిపక్షం నిలబెడితే అమిత్ షా ఆ తీర్పును బయటికి తీశారు. ఆ తీర్పు రాకపోతే నక్సలిజం 2020 కల్లా అంతమయ్యేదట. కోర్టు తీర్పుకు దాన్ని రాసిన న్యాయమూర్తిని వ్యక్తిగతంగా దోషిని చేయడం ఎంత తప్పో 18 మంది మాజీ న్యాయమూర్తులు ప్రకటన ఇచ్చి మరీ చెప్పారు. నాకు ఇందులో కనిపించేది ఇంకొకటి. 2011లో జీతం ఇచ్చిన ప్రభుత్వం వేరే పార్టీది. పద్నాలుగేళ్లకు వచ్చిన ఈ ప్రభుత్వం ఆ జీతాన్ని తప్పుగా చూడటం లేదు, ఆపినందుకు కోపగించుకుంటోంది. అంటే వారసత్వంగా బాధ్యతను తీసుకోవడం లేదు గానీ పద్ధతిని మాత్రం తీసుకుంటోంది.

ఆ ఎన్నికలో తెలుగు బిడ్డకు ఓటేయండి అని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తెలుగు పార్టీలను అడిగారు. టీడీపీ, వైసీపీ, జనసేన అటువైపు వేశాయి. బీఆర్ఎస్ దూరంగా ఉంది. పెద్దగా ఆశ్చర్యం లేదు. నాకు నచ్చనిది తెలుగు బిడ్డ అన్న మాటే. ఆ తీర్పును గౌరవించాలంటే రాసినవాడి ఊరు చెప్పుకుని మురిసిపోవడం దేనికి? ఆ తీర్పు ఎవరి కోసం రాశారో వాళ్లు తెలంగాణ అడవుల్లోనే ఉన్నారు. వాళ్లను మనం గుత్తికోయలంటాం.

ఇక్కడికి వస్తే మిత్రుడి బాధ్యత ఢిల్లీ దగ్గర ఆగదు. 1989లో ఆంధ్రప్రదేశ్ పుట్టించిన గ్రేహౌండ్స్‌ను చూసి మిగతా రాష్ట్రాలు నేర్చుకున్నాయి. ఆ బలగం సరిహద్దు దాటి బస్తర్‌లోకి వెళ్లి ఆపరేషన్లు చేస్తూనే ఉంది. 2018 మార్చిలో బీజాపూర్ జిల్లా పూజారి కాంకేర్ దగ్గర జరిగింది అలాంటిదే. అంటే యుద్ధం చేయడానికి సరిహద్దు అడ్డం రాదు. ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడికి మాత్రం సరిహద్దు గోడ అవుతుంది.

2005 తర్వాత వేల మంది కొంటా, బీజాపూర్ వైపు నుంచి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. 2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ బృందం దంతెవాడతోపాటు ఖమ్మం కూడా వచ్చి చూసింది. కమిషన్ అధ్యక్షురాలు అప్పుడు మన శాంతా సిన్హా. 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక, ఆంధ్రప్రదేశ్ అటవీ అధికారులు వీళ్ల గుడిసెలను పదేపదే కూల్చారని, తగలబెట్టారని నమోదు చేసింది. అక్కడ సల్వాజుడుం తగలబెట్టిన ఇల్లు, ఇక్కడ అటవీ శాఖ తగలబెట్టిన గుడిసె. ఒకే కుటుంబం, రెండు మంటలు. తెలంగాణ వచ్చాక హరితహారం మొక్కలు వచ్చాయి, పోడు భూముల మీద గొడవలు వచ్చాయి. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను గుత్తికోయలు నరికి చంపారు. అది హత్య, దానికి శిక్ష పడాలి. కానీ దానికి బదులుగా ఒక గ్రామ పంచాయతీ గుత్తికోయలందరినీ ఊరి నుంచి వెళ్లగొట్టాలని తీర్మానం చేసింది. ఒకడి నేరానికి జాతి మొత్తానికి వెలి. ఈ తర్కం మన వాడల మీద ఎన్నిసార్లు వాడారో గుర్తు చేసుకుంటే చాలు.

చట్టంలో చిక్కు ఇంకా ఘోరం. ఎస్టీ గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అక్కడ గోండు, దోర్ల, మురియా ఎస్టీ. సరిహద్దు దాటగానే వలసదారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మీద ఉండాలి. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆ డిసెంబరు దాటాక వచ్చినవాళ్లకు తెలుగు నేల మీద హక్కు లేదు. వదిలొచ్చిన సొంత భూమి ఖాళీగా పడి ఉంది, దాని మీదా చేతిలో కాగితం లేదు. అదే చట్టం సెక్షన్ 3లో అక్రమంగా వెళ్లగొట్టబడ్డవాళ్లకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి హక్కు ఉంది. దానికీ అదే డిసెంబరు 13 గీత. ఊళ్లు తగలబడిన సంవత్సరాల్లో ఎక్కువ భాగం ఆ గీతకు ఇవతల పడింది. ఎవరు ఎప్పుడు వెళ్లగొట్టబడ్డారో కోర్టు రికార్డుల్లో, కమిషన్ల నివేదికల్లో ఉండగా, చట్టానికి మాత్రం ఒక తేదీ తప్ప ఏమీ కనపడదు. ఆ తేదీని పార్లమెంటు మార్చగలదు. పార్లమెంటులో తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. వాళ్లలో షెడ్యూల్డ్ తెగల రిజర్వుడు సీట్ల నుంచి గెలిచినవాళ్లూ ఉన్నారు.

హైదరాబాద్, వరంగల్, విశాఖ యూనివర్సిటీల్లో గిరిజన అధ్యయనాలు, న్యాయశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివే మిత్రులకు నా ప్రశ్నలు ఇవి. అప్పటి ఖమ్మం నుంచి ఇప్పటి ములుగు, భద్రాద్రి జిల్లాల దాకా ఉన్న ఈ ఆవాసాల్లో ఏ కుటుంబం ఏ ఊరి నుంచి, ఏ నెలలో, ఎవరు తగలబెడితే వచ్చిందో పేరు పేరునా రాసిన లిస్టు ఏ ప్రభుత్వం దగ్గరైనా ఉందా? ఉంటే సమాచార హక్కు కింద ఎందుకు అడగకూడదు? లేకపోతే ఒక థీసిస్‌కు అంతకన్నా విషయం ఏం కావాలి? 2,400 రూపాయల చొప్పున ఢిల్లీ ఏ నెలలో ఎంతమందికి చెల్లించిందో లెక్కలు హోం శాఖ ఫైళ్లలో ఉంటాయి, ఎందుకంటే చెల్లింపు దగ్గర మాత్రం వాళ్లు ఎప్పుడూ లెక్క తప్పరు. ఆ రెండు కాగితాలనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టండి. తగలబడిన ఊరు, తగలబెట్టినవాడికి ఆ నెల అందిన జీతం. బిలాస్‌పూర్ హైకోర్టులో గానీ ఢిల్లీలో గానీ ఎవరైనా మళ్లీ ఈ కేసు తెరిస్తే మొదట అడిగేవి ఆ రెండు కాగితాలే.